హోమీ భాభా: ఈసీఐఎల్ బెలూన్ల వెనుక ఉన్నది ఆయనే.. కోటి డిగ్రీల వాయువు దాకా సాగిన కథ!

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఆకాశంలో ఎప్పుడైనా తెల్లటి పెద్ద బెలూన్ కనిపించిందా? పొలంలో వింత పరికరం పడిందంటూ వాట్సాప్‌లో వీడియో వచ్చిందా? కంగారు పడకండి. అది ఈసీఐఎల్ దగ్గరున్న టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరింది కావచ్చు. ఈ పనికి పునాది వేసిన మనిషి మాత్రం 1966లోనే కన్నుమూశారు. ఆయనే హోమీ జహంగీర్ భాభా.

ఇంజినీర్ అవుతాడనుకుంటే..

1909 అక్టోబర్ 30న ముంబైలో ఓ పార్సీ కుటుంబంలో భాభా పుట్టారు. 1927లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి టాటా స్టీల్‌లో చేరాలన్నది ఇంట్లోవాళ్ల కోరిక. ఆయన మనసేమో ఫిజిక్స్ మీద. ముందు ఇంజినీరింగ్ ఫస్ట్ క్లాస్‌లో పాసైతే ఆ తర్వాత నీ ఇష్టం అన్నారు తండ్రి. భాభా పాసై చూపించారు. ఇక అక్కడి నుంచి అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలే ఆయన లోకం. ఒక్క కణం గాలిలోకి వచ్చి వేల కణాల జల్లుగా ఎలా మారుతుందో 1937లో వాల్టర్ హైట్లర్‌తో కలిసి లెక్క తేల్చారు.

సెలవులకు వచ్చి.. ఇక్కడే ఉండిపోయారు

1939లో సెలవులకు ఇండియా వచ్చారు. అంతలోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. దీంతో సీవీ రామన్ ఉన్న బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. యుద్ధం ముగిశాక వెళ్లిపోవచ్చు, కానీ వెళ్లలేదు. 1944లో టాటా ట్రస్టుకు లేఖ రాశారు, 1945లో టీఐఎఫ్‌ఆర్ మొదలైంది. 1948లో అణుశక్తి కమిషన్ బాధ్యతలూ ఆయనకే వచ్చాయి.

హైదరాబాదే ఎందుకు?

కాస్మిక్ కిరణాలను అసలు రూపంలో చూడాలంటే గాలి పొర దాటి పైకి వెళ్లాలి. అప్పట్లో చవకైన దారి బెలూనే. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. అందుకే తక్కువ శక్తి ఉన్న కణాలను భూమి అయస్కాంత శక్తి ఇక్కడ పక్కకు నెట్టేస్తుంది. అంటే పరికరాలకు అనవసర రొద తక్కువ. భాభా ఉండగానే నగరం నుంచి టీఐఎఫ్‌ఆర్ ప్లాస్టిక్ బెలూన్లు ఎగిరాయి.

1966 జనవరి 24న భాభా ఎక్కిన ఎయిరిండియా విమానం ఆల్ప్స్‌లోని మో బ్లాఁ పర్వతంపై కూలింది. 117 మంది చనిపోయారు. భాభాకు అప్పటికి 56 ఏళ్లే.

ఆయన పోయినా.. బెలూన్ ఆగలేదు

రెండేళ్లు తిరిగేసరికి, 1968లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ స్కార్పియస్ ఎక్స్-1 నుంచి వచ్చే ఎక్స్-రేలను పరిశీలించింది. 1969లో ఇక్కడ శాశ్వత బెలూన్ కేంద్రం ఏర్పాటైంది.

ఇంతకీ ఆకాశంలో ఎక్స్-రేలు దేనికి? కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఎలిప్టికల్ గెలాక్సీలనే తీసుకోండి. వాటిలో ముసలి నక్షత్రాలు తప్ప పెద్దగా వాయువు లేదనే చాలాకాలం అనుకున్నారు. 1978లో ఎగిరిన ఐన్‌స్టీన్ ఉపగ్రహం ఆ లెక్క మార్చేసింది. పెద్ద ఎలిప్టికల్ గెలాక్సీల చుట్టూ దాదాపు కోటి డిగ్రీల వేడి వాయువు ఉందని తేలింది. అంత వేడి వాయువు మామూలు వెలుగులో కనిపించదు, ఎక్స్-రేల్లోనే మెరుస్తుంది. మరి అంత వేడిలో అది చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఏంటి? గెలాక్సీ ఆకర్షణ శక్తి. కనిపించే నక్షత్రాల బరువు అందుకు చాలదు. అంటే కనిపించని డార్క్ మ్యాటర్ అక్కడ ఉండాలి.

అయితే ఈ వాయువును చూడటం బెలూన్ల వల్ల కాదు. దాని నుంచి వచ్చే ఎక్స్-రేలు బలహీనమైనవి. బెలూన్ పైన మిగిలిన కాస్త గాలి కూడా వాటిని మింగేస్తుంది. అందుకే ఉపగ్రహం కావాలి. 2015 సెప్టెంబర్ 28న ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్‌లో అలాంటి బలహీన ఎక్స్-రేలను చూసే టెలిస్కోప్ ఉంది. దాన్ని తయారు చేయడంలో ముందున్నది భాభా పెట్టిన టీఐఎఫ్‌ఆరే. భాభా మాత్రం ఇవేవీ చూడలేకపోయారు.

ఒక్క మాట.. మీ పొలంలో పారాచూట్‌తో పరికరం దిగితే ముట్టుకోవద్దు, విప్పొద్దు. కొన్నింట్లో హైవోల్టేజ్ ఉండొచ్చు. దానిపై ఉన్న నంబర్‌కు గానీ, దగ్గర్లోని పోలీసులకు గానీ చెప్పండి. అందులో ఎవరిదో కొన్నేళ్ల కష్టం ఉంటుంది.