ఇరవై వేల అక్షరాలు లెక్కపెట్టిన మనిషి

మార్కోవ్ చెయిన్ అనే మాట మొదట క్లాసులో విన్నప్పుడు అదేదో కంప్యూటర్ల కోసమే పుట్టిన లెక్క అనుకున్నా. బోర్డు మీద రెండు గుండ్రాలు, మధ్యలో బాణాలు, బాణాల మీద అంకెలు. పరీక్షలో వచ్చింది, రాశాను, మర్చిపోయాను. ఆ లెక్కని దాని యజమాని మొదట ప్రయోగించి చూసింది ఒక కవిత్వ పుస్తకం మీద అని మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే ఇంకాస్త ఇష్టంగా చదివేవాణ్ణి.

ఆంద్రే మార్కోవ్ 1856లో రష్యాలోని ర్యజాన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు మోకాలి జబ్బు వల్ల చంకకర్రలతో నడిచేవాడట. పదేళ్ళప్పుడు ఆపరేషన్ అయ్యాకే మామూలుగా నడిచాడు. స్కూల్లో లెక్కలు తప్ప మిగతావన్నీ అంతంతమాత్రం (ఇక్కడ నాకు కొంచెం ధైర్యం వచ్చింది). సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో చెబిషేవ్ దగ్గర చదివి, అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు.

మనిషి మాత్రం మహా కోపిష్టి. 1902లో రచయిత గోర్కీని అకాడమీకి ఎన్నుకున్నాక, జార్‌కి నచ్చలేదని ఆ ఎన్నిక రద్దు చేస్తే గట్టిగా ఎదిరించాడు. 1912లో, టాల్‌స్టాయ్‌ని వెలి వేసినట్టే తననూ వెలెయ్యమని చర్చికి తనే ఉత్తరం రాశాడు. 1913లో దేశమంతా రాజవంశానికి 300 ఏళ్ళ పండగ చేస్తుంటే, ఈయన బెర్నూలీ సంభావ్యతా సూత్రానికి 200 ఏళ్ళ పండగ చేశాడు.

అసలు చెయిన్ పుట్టింది కూడా ఒక గొడవలోనే. మాస్కోలో నెక్రాసోవ్ అనే గణిత ప్రొఫెసర్ ఉండేవాడు. సంఘటనలు ఒకదానికొకటి సంబంధం లేకుండా జరిగితేనే వాటి సగటు నిలకడగా ఉంటుందని ఆయన వాదన. దేశంలో నేరాల లెక్కలు ఏటా దాదాపు ఒకేలా ఉంటున్నాయి కాబట్టి, మనుషులు ఎవరికి వారు స్వేచ్ఛగానే పనులు చేస్తున్నారని దాంట్లోంచి దేవుడి దాకా వెళ్ళాడు. మార్కోవ్‌కి ఒళ్ళు మండింది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన సంఘటనల్లో కూడా సగటు నిలబడుతుందని 1906లో రుజువు చేసి పెట్టాడు. కానీ అది కాగితం మీది లెక్క. నిజంగా ఒకదాని మీద ఒకటి ఆధారపడేది ఏదైనా చూపించాలి కదా?

ఆయన పుష్కిన్ రాసిన యెవ్గేనీ ఒనేగిన్ తీశాడు. మొదటి అధ్యాయం మొత్తం, రెండోదాంట్లో పదహారు పద్యాలు. కామాలు, ఖాళీలు అన్నీ తీసేసి 20,000 అక్షరాలు వరసగా రాసుకుని, పదికి పది గళ్ళ పట్టికలు రెండు వందలు చేశాడు. చేత్తోనే! నేనైతే నాలుగు లైన్ల పైథాన్ రాసి టీకి వెళ్ళిపోయేవాణ్ణి.

అచ్చులు 8,638, హల్లులు 11,362 తేలాయి. అంటే వందలో 43 అచ్చులు. అక్షరాలకి పక్కవాటితో సంబంధమే లేకపోతే, అచ్చు వెనకాలే అచ్చు 3,700 సార్లకి పైగా రావాలి. వచ్చింది 1,104 సార్లే. అంటే పక్కన ఏముందో దాన్నిబట్టే తర్వాతది వస్తోంది. 1913 జనవరిలో అకాడమీలో ఇది చదివి వినిపించాడు. (మన తెలుగులో అయితే ఈ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మాటలో రెండు అచ్చులు పక్కపక్కన పడ్డాయంటే సంధి ఊరుకోదు, మా అమ్మ మాయమ్మ అయిపోతుంది.)

1948లో అమెరికాలో క్లాడ్ షానన్ ఇదే పని అక్షరాలతో పాటు మాటలతోనూ చేశాడు. పుస్తకం ఎక్కడో తెరిచి ఒక మాట రాసుకోవడం, ఇంకో పేజీలో అదే మాట దొరికేదాకా చదివి దాని పక్క మాట రాసుకోవడం, మళ్ళీ దాని పక్కది. అలా వచ్చిన వాక్యాలు ఇంగ్లీషులాగే నడుస్తాయి, అర్థం మాత్రం ఉండదు. నా ఫోన్ కీబోర్డు తర్వాతి మాట అందించడం వెనకా మూలసూత్రం ఇదే. నేను తెలుగులో అమ్మ అని కొడితే అది ఫోన్ అంటుంది, తర్వాత చేసింది అంటుంది. నేను రోజూ కొట్టేది అదే మరి. చిన్నప్పట్నించీ ఇంగ్లీష్ మీడియం, నా తెలుగులో ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో దానికి ముందే తెలిసిపోతోంది. అది చూసి నిజంగా సిగ్గేసింది. కవి అనేవాడు ఆ పక్క సీట్లో మనం అనుకోని మాటని కూర్చోబెడతాడు.

మాట మళ్ళీ మళ్ళీ రావడం సంగతి ఇంకా చిక్కు. మా నాయనమ్మ సరే అంటే సరే అనే అర్థం. సరే సరే అంటే ఇక ఆపరా అని. సరే సరే సరే అందంటే ఆ పని జరగదు. ఏ పట్టికలో చూసినా అది మూడు సార్లు వచ్చిన ఒకే మాట.

మార్కోవ్‌కి ఈ హద్దు తెలుసనే నాకనిపిస్తుంది. 1915లో మొరోజోవ్ అనే ఆయన, ఒక రచయిత చిన్న చిన్న మాటల్ని ఎన్నిసార్లు వాడతాడో లెక్కపెడితే చాలు, పుస్తకం ఎవరిదో చెప్పెయ్యొచ్చన్నాడు. మార్కోవ్ మరుసటి ఏడే ఆక్షేపించాడు. అంత కొంచెం పాఠం చూసి అంత పెద్ద మాట అనకూడదని ఆయన అభ్యంతరం. అందరికన్నా ఓపిగ్గా లెక్కపెట్టిన మనిషే ఆ మాట అన్నాడు. తను మాత్రం అక్సకోవ్ పుస్తకంలో లక్ష అక్షరాలు లెక్కపెట్టాడు.

1917లో విప్లవం రోజుల్లో జరాయ్‌స్క్ అనే చిన్న ఊరికి వెళ్ళి, అక్కడి స్కూల్లో జీతం లేకుండా లెక్కలు చెప్పాడు. తిరిగొచ్చాక కళ్ళకి ఆపరేషన్ అయింది. 1921లో కాళ్ళకి చెప్పుల్లేక మీటింగులకి రాలేనని అకాడమీకి తెలియజేశాడు. వాళ్ళు బూట్లు పంపారు. అవి పట్టలేదు, కుట్టు కూడా దరిద్రంగా ఉందని మళ్ళీ ఉత్తరం రాశాడు. 1922 జులైలో పోయాడు. సంభావ్యత మీద ఆయన పుస్తకం నాలుగో ముద్రణ 1924లో, ఆయన లేకుండానే వచ్చింది.