రంగుటద్దాల చిత్రకారుడు – ఫ్రాంక్ సాలిస్‌బరీ

పుదుచ్చేరి దగ్గర, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు అనే చోటు ఉంది. 1945లో అక్కడ జరిగిన తవ్వకాల గురించి మీరు చరిత్ర పాఠంలో చదివి ఉండవచ్చు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి రంగురంగుల గాజుపూసలు అక్కడ దొరికాయి. అంటే గాజుకు రంగు తేవడం మనవాళ్లకు ఏనాడో తెలుసు. కాని రంగుగాజు ముక్కలను కూర్చి, కిటికీ నిండా బొమ్మ నిలిపే పద్ధతి ఐరోపా చర్చిలలో పెరిగింది. తెలుగునాట దానిని చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లాలి. ఆ కిటికీల చిత్రాలను రూపొందించినవాడే ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ.

అతడు 1874లో ఇంగ్లండులోని హార్పెండెన్‌లో జన్మించాడు. తండ్రి గొట్టాలు, కిటికీ అద్దాలు బిగించే పనివాడు. ఇంటినిండా పిల్లలు. ఫ్రాంక్ ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇంటి దగ్గరే అక్క చదువు చెప్పింది. బడికి పోకుండా చదువుకోవడం మీకు కొత్త కాదు గదా! పదిహేనో ఏట అన్నగారి రంగుటద్దాల పనిశాలలో చేరాడు.

అక్కడి పని ఎలాంటిదో చూడండి. ముందు కిటికీ ఎంత ఉంటే అంత కాగితంపై బొమ్మ గీస్తారు. దాని ప్రకారం రంగుగాజును ముక్కలుగా కోస్తారు. కళ్లు, వేళ్లు వంటి సన్నని గీతలను ప్రత్యేకమైన రంగుతో గాజుపై గీసి కొలిమిలో కాలుస్తారు. ముక్కలను సీసపు పట్టీలలో ఇమిడ్చి, అతుకుల దగ్గర టంకం పెడతారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెద్ద కిటికీని రాతి నిలువు పట్టీలు అనేక అరలుగా విడదీస్తాయి. బొమ్మ మాత్రం అన్ని అరలకూ కలిపి ఒకటే. ఒక కాగితంపై మనిషిని గీసి, దానిని నాలుగు నిలువు ముక్కలుగా కత్తిరించి, వేలెడు ఎడంగా పేర్చి చూడండి. ముఖం మధ్యలో తెగిందా? అయితే మళ్లీ గీయవలసిందే. ముఖాలు, చేతులు అరల లోపలే ఉండాలి; మేఘాలు, ఆకాశం వంటివి ఒక అర నుంచి మరొక అరలోకి సాగాలి. సీసపు గీత బట్టల మడతలో కలిసిపోవాలి.

తర్వాత అతడు రాయల్ అకాడమీ పాఠశాలలో చదివి, ముఖచిత్రాలకు పేరుపొందాడు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చిత్రం అతనిదే. అయినా అకాడమీ అతనికి సభ్యత్వం ఇవ్వలేదు. కొత్త తరం విమర్శకులకు అతని పని పాతకాలపుదిగా తోచింది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే కిటికీల పనిని మాత్రం అతడు విడిచిపెట్టలేదు.

మెదక్ చర్చిని కరువు రోజులలో పోస్నెట్ దొర కట్టించడం మొదలుపెట్టాడు. అది 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది. జననం కిటికీ 1947లో, శిలువ కిటికీ 1958లో అమరాయి. చివరిది వచ్చేనాటికి సాలిస్‌బరీ ఎనభై దాటినవాడు. 1962లో మరణించాడు.

మీరు మెదక్ వెళితే పగటిపూట వెళ్లండి. పొద్దు గుంకాక లోపలి నుంచి చూస్తే ఆ కిటికీలలో బొమ్మ కనిపించదు.