ద్విభాషి వెన్నెలకంటి సుబ్బారావు

1784 నవంబరు 28వ తేదీన, పేద నియోగి కుటుంబమున వెన్నెలకంటి సుబ్బారావు జన్మించెను. తమిళము, కన్నడము, మరాఠీ, హిందుస్తానీ, పారసీ మున్నగు భాషలెన్నియో ఆయన నేర్చెను. వానికి మించి ఆయనకు అన్నము పెట్టినది ఇంగ్లీషు. 1815లో మద్రాసు సదర్ అదాలతునకు అనువాదకుడుగను, ద్విభాషిగను నియమితుడయ్యెను. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణము వెలువడినది ఆ మరుసటి యేట. బ్రౌను దొర నిఘంటువులు అచ్చయినది 1850 దాటిన పిమ్మట. ఈ సాధనములేవియు లేని కాలముననే సుబ్బారావు ఇంగ్లీషును వశపఱచుకొనెను.

పరభాషలో పెద్ద మాటలు సులభముగనే పట్టువడును. చిక్కంతయు చిన్న మాటలతోనే. తెలుగున ఎద్దులను చూచుట వేఱు, చూచుకొనుట వేఱు, వెదకుట వేఱు; క్రియయే మాఱును. ఇంగ్లీషున ‘లుక్’ అను క్రియ కదలక నిలిచియుండును. దాని వెనుక ‘ఎట్’, ‘ఆఫ్టర్’, ‘ఫర్’ అను ప్రిపొజిషన్లు మాఱును. తప్పిపోయిన ఎద్దులను వెదకితినని ఒక కాపు వాఙ్మూలమిచ్చెననుకొందము. అనువాదకుడు ‘ఫర్’ వ్రాయవలసినచోట ‘ఆఫ్టర్’ వ్రాసెనా, వెదకినవాడు ఎద్దులను తనయొద్ద నుంచుకొని మేపినవాడగును. ఇంగ్లీషు న్యాయాధిపతి ఎదుటనుండునది ఆ కాగితమే. కాపు గొంతు ఆయనకు వినబడదు. పదునాలుగేండ్లు ఇట్టి కాగితముల భారము సుబ్బారావు మోసెను.

విభక్తులకు సరియగు జోడు వెదకినను ఈ చిక్కు తీరదు. పామువలన భయపడుదుమని తెలుగు వ్యాకరణము చెప్పును. ఇంగ్లీషు ఆ ‘వలన’ స్థానమున ‘ఆఫ్’ కోరును. అదే ‘ఆఫ్’ను మనవారు ‘యొక్క’ అని బడిలో వల్లించియుందురు! ఒక విషయమును గుఱించి చర్చింతుము గనుక ‘డిస్కస్’ పిదప ‘అబౌట్’ తగిలించువారు నేటికిని కలరు. ఇంగ్లీషు ఆ క్రియకు ఏ ప్రిపొజిషనును ఒల్లదు. క్రియతోపాటు దాని తోడునుగూడ నేర్వవలసినదేకాని, తరువాత అతికించిన అతుకదు.

1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ యేర్పడగా సుబ్బారావు అందు సభ్యుడయ్యెను. ఆనాటి చదువును గూర్చి ఆ సంఘమునకు ఒక నివేదిక సమర్పించెను. బాలురు అర్థమెఱుగక పద్యములు వల్లించుచున్నారనియు, వ్యాకరణబోధ కొఱవడినదనియు ఆయన బాధ. సులభవచనమున కథలు వ్రాయించి పిల్లలకీయవలెనని కోరెను. గురువు కొఱత ఎట్టిదో యెఱిగినవాని మాటగనుక ఆ నివేదికకు పండితుల ఖండనములకు లేని బరువు కలదు.

1829లో కొలువు విడిచి, 1839 అక్టోబరు 1వ తేదీన ఆయన కన్నుమూసెను. తన జీవితమును ఆయన ఇంగ్లీషుననే వ్రాసికొనియుండెను. కుమారుడు గోపాలరావు దానిని 1873లో మద్రాసున అచ్చు వేయించెను. ముఖపత్రముపై తండ్రి పేరు ప్రక్కన ఒంగోలు వాస్తవ్యుడని చేర్చుట ఆయన మఱువలేదు.