శ్రీ బిజూ పట్నాయకు గారి విమానయాన చరిత్రము

మన వార్షిక మహాసభల సందర్భమున వెలువడు ఈ సంచికయందు ఒక సాహసికుని జీవితమును సంగ్రహముగా విన్నవించుట యుచితమని తలంచితిమి. వారు మన పొరుగువారైన ఉత్కళుల కీర్తిశేషులు శ్రీ బిజూ పట్నాయకు గారు.

వీరు 1916వ సంవత్సరము మార్చి 5వ తేదీన కటకమునందు జన్మించిరి. రావెన్షా కళాశాలలో చదువుచుండగనే విమానవిద్యయందు మక్కువ గలిగి, చదువును మధ్యలో విడిచి వైమానికులైరి. యుద్ధకాలమున ప్రభుత్వ విమానములను నడపుచునే 1942 నాటి జాతీయోద్యమమునకు రహస్యముగా తోడ్పడి, కారాగారవాస మనుభవించిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమున కక్కరలేని డకోటా విమానములు విక్రయమునకు వచ్చెను. పట్నాయకు గారు డకోటాలతో కళింగ ఎయిర్‌లైన్సు అను చిన్న సంస్థను నెలకొల్పిరి. 1947 జూలైలో డచ్చివారు ఇండొనీషియాపై దండెత్తగా, నెహ్రూ గారి కోరికపై వీరు ధర్మపత్ని జ్ఞానదేవి గారితో గూడ జావాద్వీపమునకు పోయి, ఆ దేశపు మాజీ ప్రధానియగు సుతాన్ షహ్రీర్ గారిని డకోటాలో ఢిల్లీకి గొనివచ్చిరి. ఒక్క విమానము కూలినను చిన్న సంస్థకు తీరని నష్టము. అందు కూర్చున్నది దంపతులే. అయినను వెనుదీయలేదు. ఆ ఆగస్టులోనే షహ్రీర్ గారు భద్రతామండలి యెదుట స్వదేశపక్షమును వినిపింపగలిగిరి.

1953 ఆగస్టు 1వ తేదీన ప్రభుత్వము ఎనిమిది విమానసంస్థలను ఇండియన్ ఎయిర్‌లైన్సునందు విలీనము గావించెను. అందు కళింగ సంస్థయు నొకటి. తాము పెంచిన సంస్థ చేయిజారినను పట్నాయకు గారు క్రుంగిపోలేదు. అప్పటికే వారి విరాళముతో యునెస్కోవారు విజ్ఞానప్రచారమునకు కళింగ బహుమానమును నెలకొల్పియుండిరి. పిమ్మట వీరు 1961-63, 1990-95 సంవత్సరములలో ఒరిస్సా ముఖ్యమంత్రిగా నుండిరి; పారాదీపు రేవునకై పాటుపడిరి. 1975 నాటి అత్యయిక పరిస్థితిలో మరల చెరసాల పాలైరి. 1997 ఏప్రిల్ 17వ తేదీన ఢిల్లీలో పరమపదించిరి.

సంస్థ పేరు మాసినను, ఆపదలో నున్న పొరుగుదేశమునకు అది చేసిన మేలు మాయలేదు. ధనము ఎంత కూడినదని గాక, ఎవరి యక్కరకు వచ్చినదని చూచుటయే వీరి జీవితము నేర్పు పాఠము. మనలోను విమానవిద్య నభ్యసింపగోరి, ద్రవ్యము చాలక నిలిచిపోవు యువకులు గలరు. పోషకమహాశయులు అట్టివారికి చేయూత నొసగినచో, ఈ చరిత్రమును మేము వ్రాసిన శ్రమ సార్థకమగును.