పిల్లలకు నవ్వుల బొమ్మలు గీసిన సుకుమార్ రాయ్

వంగ సాహిత్యముతో తెలుగువారికి గల చుట్టరికము పాతది. బంకించంద్రుని, శరత్‌చంద్రుని అనువాదములలో చదివి మనవారినిగానే చేసికొన్నాము. రవీంద్రుని మాట చెప్పనక్కర లేదు. కాని వంగదేశమున చదువుకొన్న కుటుంబములలో ఈ మువ్వురికంటె ముందుగా పిల్లవానికి పరిచయమయ్యే కవి మరియొకడున్నాడు. అతడు సుకుమార్ రాయ్. అక్షరములు కుదురుకొనక పూర్వమే పిల్లలు అతని పద్యములను నోటికి నేర్చుకొందురు. పద్యము ప్రక్కనున్న బొమ్మను చూచి నవ్వుదురు. ఆ పద్యములు వ్రాసినదీ, ఆ బొమ్మలు గీసినదీ ఒక్క చేయియే. ఆ పుస్తకము పేరు 'ఆబోల్ తాబోల్'. పొంతన లేని మాటలు అని దాని కర్థము చెప్పుకొనవచ్చును.

సుకుమార్ 1887 అక్టోబరు 30వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురీ. వారి పూర్వుల ఊరు నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్ ప్రాంతము. తల్లి విధుముఖీదేవి బ్రహ్మసమాజ సంస్కర్త ద్వారకానాథ్ గంగూలీ కుమార్తె. ఆ ద్వారకానాథుని రెండవ భార్య కాదంబినీ గంగూలీ; 1883లో పట్టము పుచ్చుకొన్న ఇద్దరు వంగ వనితలలో ఒకరు, తరువాత వైద్యురాలై పేరొందినవారు. ఇట్టి యింట పుట్టిన పిల్లవానికి చదువును గూర్చి ఎవరును ప్రత్యేకముగా బోధింపవలసిన పని లేదు.

కొడుకును గూర్చి చెప్పుటకు ముందు తండ్రిని గూర్చి కొంత చెప్పక తప్పదు. ఉపేంద్రకిశోర్ పిల్లల కొరకు రామాయణము వ్రాసి తానే బొమ్మలు వేసినారు. ఆ దినములలో బొమ్మ అచ్చు కావలెనన్న దానిని చెక్కపై చెక్కించవలెను. చెక్కినవాని చేతిలో ఆయన బొమ్మలు రూపు చెడిపోయినవి. మరియొకరైనచో నొచ్చుకొని ఊరకుందురు. ఆయన ఇంగ్లండు నుండి కెమెరాను, పరికరములను తెప్పించుకొని, హాఫ్‌టోన్ బ్లాకులు చేయు విధానమును పుస్తకముల వలన స్వయముగా నేర్చుకొని, 1895లో బ్లాకుల సంస్థ నెలకొల్పినారు. అంతటితో ఆగక ఆ శాస్త్రమున క్రొత్త పద్ధతులు కనుగొని వ్యాసములు వ్రాయగా, ఇంగ్లండులో వెలువడు 'పెన్‌రోజ్' వార్షిక సంచిక వానిని ప్రకటించినది. పిల్లల పుస్తకమునకు బొమ్మ ఎట్లున్నను సాగిపోవునని తలచే ప్రకాశకులు మన దేశమున నేటికిని ఉన్నారు. వారు ఈ సంగతి వినవలసినది.

సుకుమార్ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములు రెండింట ఆనర్సు చదివినాడు. చదువు శాస్త్రము, మనస్సు మాత్రము వేళాకోళము. మిత్రులను కూడగట్టి 'నాన్‌సెన్స్ క్లబ్' పెట్టినాడు. ఆ సంఘమునకు చేతివ్రాత పత్రిక ఒకటి. దానికి పెట్టిన పేరు బజారులో అమ్ము కలగలుపు చిరుతిండి పేరు. ఆ సంఘము వారు ఆడుటకై వ్రాసిన 'లక్ష్మణేర్ శక్తిశేల్' అను నాటకములో లంకాయుద్ధమున పేరుమోసిన వీరులందరును వీరత్వమును ప్రక్కకు పెట్టి మన ఇరుగుపొరుగువారివలె ప్రవర్తింతురు. రామాయణమును ప్రాణముగా చూచుకొన్న తండ్రి యింటనే ఈ పరిహాసము పుట్టినది. ప్రేమించిన గ్రంథముతోనే మనుష్యుడు చనువు తీసికొనును.

1911లో కలకత్తా విశ్వవిద్యాలయము ఇచ్చు గురుప్రసన్న ఘోష్ విద్యార్థి వేతనము పొంది అతడు ఇంగ్లండుకు వెళ్ళినాడు. నాడు మనవారు సీమకు పోయిన బారిష్టరు పరీక్షకో, సివిలు సర్వీసుకో పోవువారు. ఇతడు లండనులోను, మాంచెస్టరులోను అచ్చుపనిని, బ్లాకుల తయారీని అభ్యసించినాడు. రవీంద్రుడు 1912లో లండనునకు వచ్చినప్పుడు అక్కడ కలిసికొన్నాడు. ఆయన కవితను గూర్చి ఆంగ్లమున వ్యాసము వ్రాసి అచటివారికి పరిచయము చేసినాడు. 1913లో తిరిగి వచ్చునప్పటికి తండ్రి 'సందేశ్' అను పిల్లల మాసపత్రికను ప్రారంభించియున్నారు. సందేశ్ అన్న వార్త. వంగదేశమున అది ఒక మిఠాయి పేరు కూడ. ఆ సంవత్సరమే అతనికి సుప్రభాదేవితో వివాహము జరిగినది. కాపురము గర్పార్ రోడ్డులో. ఇల్లును ముద్రణాలయమును ఒక్క కప్పు క్రిందనే.

1915 డిసెంబరులో ఉపేంద్రకిశోర్ మరణించినారు. ఇరువది యెనిమిదేండ్ల సుకుమార్‌పై పత్రిక, అచ్చుకూటము, కుటుంబము మూడును పడినవి. అయినను సోమవారపు గోష్ఠి మానలేదు. ఇంగ్లీషులో సోమవారమునకున్న పేరును వంగభాషలో 'మండా' అను మిఠాయి పేరుగా మార్చి, గోష్ఠికి వచ్చినవారికి సాహిత్యముతోబాటు ఫలహారము కూడ తప్పనిసరి చేసినాడట. భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ ఛటర్జీ, గణాంకశాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ గోష్ఠిలోని సభ్యులు.

'సందేశ్' పుటలలోనే అతని వింతజంతువులు ఒక్కొక్కటిగా పుట్టినవి. 1915లో వచ్చిన 'ఖిచుడీ' అను పద్యమునే చూడుడు. వంగభాషలో హాఁస్ అన్న బాతు, సజారు అన్న ఏదుపంది. రెండును కలిసి 'హాఁస్‌జారు' అయినది. బకము, కచ్ఛపము కలిసి 'బకచ్ఛప్'. ఏనుగు 'హాతీ', తిమింగలము 'తిమి'. మొదటిదాని చివర నున్న తకారమును రెండవదాని మొదటి తకారముపై అద్దగా 'హాతిమి' తేలినది. వ్యాకరణము బోధించు మాబోటివారికి దీని రుచి ఇంకను ఎక్కువ. సంధి జరుగవలసినది మాటలకు. ఇక్కడ మాటలతోపాటు జంతువుల కళేబరములకు కూడ సంధి జరిగినది. మాట ఎక్కడ అతికినదో బొమ్మలో మేను అక్కడ అతికినది. పద్యమును బొమ్మనుండి వేరు చేసినచో సగము నవ్వు పోవును. అనువాదకులకు ఇతడు కొరకరాని కొయ్య యగుటకు కారణము ఇదియే.

అతడు ఏ చిత్రకళాశాలలోను చదువుకొనలేదు. శరీరనిర్మాణమున లోపములు వెదకువారికి దొరుకును. కాని ఆ జంతువులు నిజముగా ఎక్కడనో ఉన్నవన్న నమ్మకము చూచినవానికి కలుగును. నవ్వుట నిషేధమని నమ్మి, ఎవరైన నవ్వించునేమోనని బిక్కుబిక్కుమనుచుండు 'రామ్‌గరుడ్' పిల్లను చూచినచో, తరగతిలో నవ్వును నేరముగా ఎంచు ఉపాధ్యాయులకు కొంచెము ఇబ్బందిగానే యుండును. మెడకు ఒక యంత్రము తగిలించుకొని, కంటి యెదుట వ్రేలాడు తినుబండారము కొరకు కోసులు నడచు వెఱ్ఱి ఉపాయమొకటి. మీసము దొంగిలింపబడినదని కేకలు వేయు పెద్ద గుమాస్తా కథ ఒకటి. జారిపడినవానికి ఇరువదియొక్క రూపాయల జరిమానా వేయు దేశమును గూర్చిన పద్యము పిల్లలకు తమాషా. తెల్లవారి కచేరీల చుట్టు తిరిగిన వారి తండ్రులకు అది మరియొక విధముగా అర్థమైయుండును. ఎడ్వర్డ్ లియర్, లూయీ కారల్ అను ఆంగ్ల రచయితలతో ఇతనిని పోల్చుట వాడుక. వారిని ఇతడు చదివినమాట నిజమే. కాని ఈ గుమాస్తాలు, ఈ పెండ్లి బేరములు, ఈ కచేరీలు కలకత్తా వీథులలోనివి.

1921 మే 2వ తేదీన కుమారుడు సత్యజిత్ పుట్టినాడు. ఆ సంవత్సరమే సుకుమార్‌కు కాలా ఆజార్ జ్వరము సోకినది. ఆ వ్యాధికి గుణమిచ్చు 'యూరియా స్టిబమిన్' అను మందును అదే కలకత్తా నగరమున డాక్టరు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కనుగొని, ఆ యేండ్లలోనే పరీక్షించుచుండిరి. అది విరివిగా వాడుకలోనికి వచ్చుటకు మాత్రము మరికొంత కాలము పట్టినది. సుకుమార్‌కు ఆ కాలము లేదు.

రెండున్నర యేండ్లు జబ్బు లాగినది. అతని రచనలలో తలమానికమనదగినవి కొన్ని ఆ యేండ్లవే. చేతిరుమాలు పిల్లిగా మారుటతో మొదలగు 'హ-జ-బ-ర-ల' కథ 1922లో 'సందేశ్'లో వచ్చినది. పిమ్మట పద్యములన్నింటిని ఏరి 'ఆబోల్ తాబోల్' కూర్చుటకు పూనుకొన్నాడు. పడకపైననే పాత పద్యములను దిద్దినాడు, ముఖచిత్రము వేసినాడు, ఏ పుటలో పద్యము ఎక్కడ రావలెనో, బొమ్మ ఎంత యుండవలెనో తానే నిర్ణయించి అచ్చునకు నమూనా సిద్ధము చేసినాడు. మాంచెస్టరులో నేర్చిన విద్య అంతయు ఆ పడకపైకి వచ్చినది. పుస్తకమునకు తుదిపద్యముగా క్రొత్తదొకటి వ్రాసి చేర్చినాడు. దానిలో కూడ గంతులున్నవి, గారడి యున్నది. కాని నిద్ర క్రమ్ముకొనివచ్చుట, పాట ముగియుట కూడ ఉన్నవి. పిల్లలు దానిని తక్కినవాని వలెనే చదివి నవ్వుదురు. వారిని నవ్వనిచ్చుటయే అతని ఉద్దేశమని నేననుకొందును.

1923లో, అవసానకాలమున, రవీంద్రుడు చూడవచ్చి రోగి కోరికపై మంచము ప్రక్కన కూర్చుండి పాటలు పాడినారు. సెప్టెంబరు 10వ తేదీన గర్పార్ రోడ్డు ఇంటిలో సుకుమార్ కన్నుమూసినాడు. ముప్పదియారేండ్లు నిండలేదు. తొమ్మిది దినముల తరువాత, 19వ తేదీన, 'ఆబోల్ తాబోల్' వెలువడినది.

తరువాత కొన్ని యేండ్లలోనే సంస్థ అప్పులపాలై చేతులు మారినది, ఇల్లు పోయినది. సుప్రభాదేవి పసివానితో పుట్టింటివారి పంచకు చేరి, స్త్రీలకు కుట్టుపని నేర్పుచు కొడుకును చదివించినారు. నిలిచిపోయిన 'సందేశ్'ను 1961లో సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి పునరుద్ధరించినారు. శతజయంతి సంవత్సరమైన 1987లో తండ్రిని గూర్చి ఒక చిన్న చలనచిత్రము తీసినారు. తండ్రి పోవునప్పటికి ఆయనకు మూడేండ్లు కూడ లేవు. బాల్యస్మృతులలో తండ్రిని గూర్చి ఆయన వ్రాసికొన్నది బహు స్వల్పము. గంగ ఒడ్డున సోదేపూర్‌లో ఒక ఇల్లు. రోగి కిటికీ ప్రక్కన కూర్చుండి బొమ్మ వేయుచున్నాడు. ఉన్నట్టుండి, ఓడ పోవుచున్నదని చెప్పినాడు. పసివాడు ముంగిటిలోనికి పరుగెత్తి చూచెను, కూత వేయుచు ఒక స్టీమరు వెళ్ళిపోవుచున్నది.