వేయి దీపాల బడిలో ఒక అణా ఫలహారం

పెండ్లి బట్టలకని మద్రాసు పోయే మనవాళ్లు టీనగర్ తిరగకుండా రారు. ఆ పేరులో 'టీ' అంటే త్యాగరాయ అనీ, ఆయన తెలుగువారే అనీ చాలామందికి తెలియదు.

సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు 1852 ఏప్రిల్ 27న దేవాంగుల ఇంట పుట్టినారు. నేత వారి కులవృత్తి. బి.ఏ. ప్యాసైనా మగ్గాన్ని మరువక నేత కర్మాగారం నడిపినారు. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించిన పెద్దలలో ఒకరు. 1920లో ఆ పార్టీ గెలిచినప్పుడు గవర్నరుగారు పిలిచి ముఖ్యమంత్రి పదవి ఇస్తానన్నా వద్దన్నారు. రాజకీయం సంగతి అంతటితో చాలు. బడిపంతుళ్లమైన మాకు ముఖ్యమైనది ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా చేసిన ఒక పని.

మద్రాసులో థౌజండ్ లైట్స్ అనే పేట ఉంది. మొహర్రంలో జనం కూడే మందిరానికి వేయి దీపాలు కావలసి వచ్చేవట, అందుకే ఆ పేరు. దారుల్‌షిఫా చుట్టుపక్కల వారికి ఆషూర్‌ఖానా అంటే వేరే చెప్పనక్కర లేదు. ఆ పేటలోని కార్పొరేషన్ బడికి వచ్చేవాళ్లు గరీబు పిల్లలు. పేదరికం వల్ల బడిలో పిల్లల సంఖ్య తగ్గుతోందని గ్రహించి, 1920లో చెట్టిగారి కౌన్సిల్ వారికి ఫలహారం పెట్టాలని తీర్మానించింది. ఖర్చు రోజుకు తలకు ఒక అణా దాటరాదు. తరువాత మరి నాలుగు బడులకు విస్తరించినారు. 1922-23లో 811 మంది ఉన్న ఆ అయిదు బడుల్లో 1924-25 నాటికి 1,671 మంది చేరినారు. హాజరు రిజిష్టరు పట్టుకునే మావంటివాళ్లకు ఈ లెక్క విలువ తెలుసు. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లవాడికి అలిఫ్ బే కూడా తలకెక్కదు.

కాని ప్రాథమిక విద్య నిధిలోంచి తిండికి ఖర్చు పెట్టరాదని సర్కారు అడ్డుపడింది. అన్నం చదువులో భాగం కాదట! 1925 ఏప్రిల్ 1 నుండి ఫలహారం ఆగింది. అదే నెల 28న చెట్టిగారు కన్నుమూసినారు. 1927లో వెయ్యిమంది పేద పిల్లలకు మళ్లీ మొదలుపెట్టినారు.

1956లో కామరాజ్‌గారు దానిని మద్రాసు రాష్ట్రం పల్లెలదాకా తీసుకుపోయినారు. మన ఉమ్మడి రాష్ట్రానికి మాత్రం, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞ ఇచ్చిన తరువాత, 2003 జనవరిలో గాని వేడి అన్నం రాలేదు. పల్లె బడులతోపాటు పాతబస్తీ ఉర్దూ మీడియం సర్కారు బడుల పిల్లలు కూడా అప్పుడే పళ్లేలు పట్టుకున్నారు.

మన సొసైటీ సభ్యులు ఏదైనా బస్తీ బడికి వెళ్లినప్పుడు, నోటుబుక్కులు పంచి వెంటనే తిరిగి రాకుండా, మధ్యాహ్నం దాకా ఆగి పిల్లల సరసన కూర్చుని ఆ అన్నం తిని రావలసిందిగా మా మనవి.