గిద్దలూరు రాళ్లకూ ఓ చరిత్ర.. ఎవరీ బ్రూస్ ఫుట్?

మార్కాపురం అంటే పలకలు గుర్తొస్తాయి. కానీ పక్కనే గిద్దలూరు దగ్గర ఆదిమానవుడి రాతి పనిముట్లు కూడా దొరికాయని చాలామందికి తెలియదు. మన దేశంలో ఈ వెతుకులాటకు దారి వేసింది రాబర్ట్ బ్రూస్ ఫుట్.

1834లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఫుట్, 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకో రాతి పనిముట్టు దొరికింది. ఇక్కడ పాతరాతియుగం మనుషులు తిరిగారనడానికి అదే తొలి ఆధారమైంది.

1884లో బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో తవ్వకాలు మొదలుపెట్టారు. కొడుకు హెన్రీ కూడా తవ్వారు. బయటపడ్డ ఎముకలు ఏయే జంతువులవో లిడెక్కర్ అనే నిపుణుడు తేల్చారు.

ఏళ్ల తరబడి పోగుచేసిన వస్తువులు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912లో ఫుట్ చనిపోయారు. ఏ వస్తువు ఏ చోట దొరికిందో చెప్పే ఆయన కేటలాగ్ 1914లో అచ్చయింది.

ఆ 'చోటే' ఇక్కడ అసలు విషయం. 1952లో సౌందరరాజన్ గిద్దలూరు పనిముట్లపై రాసిన వ్యాసంలో జిల్లా పేరు కర్నూలు. 1970లో ప్రకాశం జిల్లా వచ్చింది. జిల్లా మారినా ఊరి పేరు ఉంది కాబట్టి ఆ రాళ్ల ఆచూకీ పోలేదు.

మీ పొలంలోనూ వింత రాయి కనిపించిందా? గట్టిగా రుద్ది కడిగేయకండి. ముందు ఫొటో తీసి ఊరు, చోటు, తేదీ రాసుకోండి. అడవిలోదైతే అక్కడే వదిలేయండి. చోటు తెలియకపోతే ఎంత పాతదైనా అది ఉత్త రాయే!